చేతులు కనపడటం లేదన్న కంప్లయింటు

టెలిఫోన్ల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మొదట లైన్‌మన్ అన్నారు, తర్వాత ఫోన్ మెకానిక్ అన్నారు. పేరు మారింది గానీ నిచ్చెన, కటింగ్ ప్లయరు, నడుముకు వేలాడే టెస్ట్ ఫోను మారలేదు. ఇప్పుడు ఇళ్లకు ఫైబర్ తీగ లాగే పిల్లలు ఎక్కడైనా కనబడితే నిలబడి చూస్తుంటాను. వాళ్లలో ఇద్దరు ముగ్గురు "మీ కాలంలో నెట్ ఎట్లా ఉండేదన్నా?" అని అడిగారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఆఫీసుకు బదిలీ అయ్యానో రాయను. అవి ఎవరికీ పనికిరావు. గుత్తిలో ఒక ఇంటి సంగతి రాస్తాను. అది జరిగి చాలా ఏళ్లయింది.

చెవి మీద నమ్మకం

తొంభైల చివర్లో మా జిల్లాలో ఇంటర్నెట్ అంటే ఫోను తీగ మీదే. కంప్యూటరు ఫోను చేసేది, గరగరమని కాసేపు అరిచేది, కుదిరితే అవతల పట్టుకునేది. ఇంట్లో ఎవరైనా రిసీవర్ ఎత్తితే తెగిపోయేది. ఊరికి నాలుగైదు ఇళ్లలో ఉంటే ఎక్కువ. ఒక డాక్టరు, ఒక ప్లీడరు, ఒక కాంట్రాక్టరు.

అప్పటి మా ఇంజినీరు సారు దగ్గరే నేను పని నేర్చుకున్నాను. మొండి మనిషి, కానీ పనిమంతుడు. కరువు సంవత్సరాల్లో నేల ఎంత ఎండేదంటే, లైన్లను నేలకు కలిపేందుకు ఎక్స్ఛేంజ్ వెనక తవ్విన ఎర్త్ గుంట కూడా పొడిబారిపోయేది. అప్పుడు లైన్లన్నీ గుర్రుమనేవి. సారు మాతో రోజూ పొద్దున ఆ గుంటలో రెండు బిందెల నీళ్లు పోయించేవారు. బోరింగు దగ్గర ఖాళీ బిందెలతో వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు మేము మట్టిలో నీళ్లు పోయడం చూసి తిట్టిన తిట్లు నేను మరిచిపోలేదు. సారు మాత్రం తలెత్తేవారు కాదు. "పోయండప్పా. లైను బతకల్ల" అనేవారు.

అట్లాంటి మనిషి ఒకటి మాత్రం తప్పు నేర్పారు. గుత్తి డాక్టరు గారింట్లో నెట్ నత్తలా ఉందని కంప్లయింటు వస్తే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నారు. టోను గంటలా మోగింది.

"డాక్టరు గారూ, మేము ఫోను ఇచ్చింది మాట్లాడేదానికి. మాట బాగా వినపడతాంది. ఆ డబ్బాలో మీరేం చూస్తారో మాకు సంబంధం లేదు" అన్నారు.

బయటికొచ్చాక నాకు చెప్పారు. "టోను వినపడిందా, పనైపోయినట్టే. కంప్లయింటు మూసేసి దిగి రా. చెవిని నమ్ము. చెవి అబద్ధం చెప్పదు."

నేను నమ్మాను. పది పన్నెండేళ్లు అదే నమ్మకంతో స్తంభాలెక్కి దిగాను.

ఫోను లేని ఇంటి ఫోను

బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఫోను తీగ పాతదే, దాని మీదే నెట్ ఎప్పుడూ పారుతూ ఉంటుంది. చివర మోడెం అనే చిన్న డబ్బా. వచ్చిన రెండో ఏడు అనుకుంటాను, గుత్తిలో కోట కింది వీధి నుంచి "నెట్ స్లో" అని ఒక కంప్లయింటు వచ్చింది. ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్నవాళ్లు ఆ నంబరుకు రింగ్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. "నో రిప్లై" అని రాసి మూసేశారు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. మళ్లీ రింగ్, మళ్లీ నో రిప్లై. మూడోసారీ అంతే. నాలుగోసారి చీటీ నా చేతికిచ్చారు. వీధి మొదట్లో ఉన్న స్తంభం ఎక్కి, బాక్సు తెరిచి, ఆ జంట తీగలకు టెస్ట్ ఫోను తగిలించాను. టోను శుభ్రంగా ఉంది. ఆ ఇల్లు అక్కడికి నాలుగు స్తంభాల దూరమే. ఎండగా ఉంది. వెళ్లలేదు. "లైన్ ఓకే" అని రాసి మూసేశాను.

అయిదోసారి ఒక మనిషి నేరుగా ఆఫీసుకే వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చొక్కా మీద సిరా మరకలు. ఏమీ మాట్లాడకుండా జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ముత్యాల్లాంటి అక్షరాలు.

"నా పేరు లక్ష్మీనారాయణ. ప్రెస్సులో పని. నాకు, నా భార్యకు చెవులు వినపడవు, మాట రాదు. ఇంట్లో ఇంటర్నెట్ నిదానం. పాప చేతులు కనపడటం లేదు. నాలుగుసార్లు చెప్పించినాము."

మాలో ఒకడు చదివి, "చెవిటోనికి ఫోనెందుకప్పా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. వినపడదు కదా అనుకున్నాం. అతను మా ముఖాల వైపే చూస్తున్నాడు. నవ్వు వినపడాల్సిన పనేముంది, కనపడుతుంది కదా.

నవ్వనిది ఒక్కరే. సరళ మేడం, కొత్తగా వచ్చిన జూనియర్ ఆఫీసరు. కాగితం చదివి నా వైపు తిరిగి, "పోయినసారి ఈ ఇంట్లోకి వెళ్లారా?" అని అడిగారు.

"లైను చూసినాను మేడం."

"ఇల్లు అడుగుతున్నాను."

నిచ్చెన భుజానికెత్తుకున్నాను. ఇద్దరం అతని వెనకాలే బయల్దేరాం.

ఒకప్పుడు అది వేరుశనగ మిల్లు యజమాని ఇల్లు. మిల్లు మూతబడ్డాక అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లు భాగాలు చేసి అద్దెకిచ్చారు. వెనక వాటాలో లక్ష్మీనారాయణ, అతని భార్య పద్మ, తల్లి ఓబుళమ్మ ఉంటున్నారు. ఆ ముగ్గురిలో చెవులు పనిచేసేది ఓబుళమ్మకే. పగలు కూలికి పోతుంది, ఆ రోజు పని లేక ఇంట్లోనే ఉంది.

గదిలో కంప్యూటరు, దాని మీద చిన్న కెమెరా, పక్కన మోడెం ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ అడిగాను. "ఏమ్మా, ఫోను యాడుండాది?"

ఓబుళమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరికప్పా ఫోను? వీళ్లు మాట్లాడేదానికా? నేను చేసేదానికి నాకెవరుండారు? ఉత్త నెట్టే పెట్టించుకునినాం."

తీగ గోడలోంచి వచ్చి నేరుగా మోడెంలోకి పోయింది. ఆ ఇంట్లో మోగడానికి గంటే లేదు. మేము మూడుసార్లు రింగ్ చేసి, ఎవరూ ఎత్తడం లేదని రాసుకున్నాం. నేను నాలుగోసారి టోను విని బాగుందన్నాను. ఆ టోను వినేవాళ్లెవరు? మేడం ముఖం ఎర్రబడింది. ఎవరి వైపూ చూడకుండా మోడెం దగ్గర కూర్చున్నారు. దాని దీపం నిమిషానికోసారి ఆరి వెలుగుతోంది.

"పాప చేతులు అంటే ఏమ్మా?" అని ఓబుళమ్మను అడిగారు.

"మా మనవరాలమ్మా. సుజాత. తొమ్మిదేండ్లు. అదీ వీళ్ల మాదిరే. హైదరాబాదులో చెవిటి పిల్లోళ్ల బడిలో ఉండాది. ఆదివారం ఆదివారం ఆడ సారు కంప్యూటరు ముందర కూర్చోబెడ్తాడు. వీళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. మొదట్లో అంతో ఇంతో కనపడుతుండె. ఇప్పుడు చెయ్యి ఈడ లేపితే ఈడనే నిలబడిపోతాంది బొమ్మ. చేతులు కనపడలేదు, కనపడలేదు అని బిడ్డ ఏడుస్తాంది. ఈ కోడలేమో పగలంతా దిగులు పెట్టుకుని కూర్చుంటాది."

పద్మ ఆమె నోటినీ మా ముఖాల్నీ మార్చి మార్చి చూస్తోంది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి ఏదో చెబుతూ మధ్యలో ఒక్కసారిగా ఆపి, గాల్లో అట్లాగే బిగబట్టి ఉంచింది. తెర మీద బొమ్మ ఎట్లా నిలిచిపోతుందో చూపిస్తోంది. నిలిచిపోయిన మాట ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

మిల్లు గోడ

మేడం నాకొక మాట చెప్పారు. "టోను వినొద్దు. తీగ పట్టుకుని నడవండి. రెండు వైపులా ఎక్కడ ఆగుతుందో చూసి రండి."

కొత్త పిల్లలకు నేను చెప్పేదీ అదే. కూర్చుని ఊహించొద్దు, నడవండి.

ఇంటి నుంచి మూడో స్తంభం దాకా బాగానే ఉంది. మూడో స్తంభం ఎక్కితే తీగకు నల్ల టేపు చుట్టి ఉంది. అక్కడి నుంచి ఇంకో తీగ చీలి పక్క సందులోకి పోయింది. దాన్ని పట్టుకుని నడిచాను. సందు దాటి, ముళ్లకంపలు దాటి, మూతబడ్డ మిల్లు దాకా వచ్చింది. గోడ సగం కూలిపోయింది. తీగ ఆ గోడ మీదుగా లోపలికి దిగి, వేరుశనగ బుడ్డల పొట్టు కుప్పలో పడి ఉంది. లాగితే వచ్చేసింది. చివర ఏమీ లేదు. రెండు రాగి మొనలు, అంతే.

మాటకు ఇట్లాంటి తోక వల్ల నష్టం ఉండదు. టోను గంటలాగే మోగుతుంది. నెట్‌కు అట్లా కాదు. బావిలోకి కేక వేస్తే మన కేక మనకే తిరిగొచ్చి రెండో కేకలో కలిసిపోతుంది చూడండి, అట్లా ఆ చచ్చిన తీగలోకి పోయిన సంకేతం చివర తగిలి వెనక్కొచ్చి అసలుదాన్ని చెడగొడుతుంది. చెవికి ఇది తెలియదు.

తిరిగి స్తంభం ఎక్కి కత్తితో టేపు కోశాను. లోపల ముడి కనబడింది.

లైన్‌మన్‌లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా ముడి వేస్తారు. నేను ఏడు మెలికలు తిప్పి, మొన గుచ్చుకోకుండా వెనక్కి మడిచి నొక్కుతాను. జిల్లాలో ఆ మడత నాకు తప్ప ఎవరికీ లేదు. సారు కూడా ఎగతాళి చేసేవారు. ఆ రాగి మీద ఏడు మెలికలున్నాయి. వెనక్కి మడిచి ఉంది.

దిగలేక స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని కాసేపు అట్లాగే ఉండిపోయాను. మెల్లగా గుర్తుకొచ్చింది. తొంభైల చివర్లో, మిల్లు బాగా నడిచే రోజుల్లో, ఇంట్లో మోగే ఫోను మిల్లులోనూ మోగాలని యజమాని అడిగాడు. సారు నోటిమాటగా వేయమన్నారు. కాగితం లేదు. నేనే వేశాను. మిల్లు పోయి, ఫోను తీసేసినప్పుడు వెళ్లి ఇన్‌స్ట్రుమెంటు తెచ్చిందీ నేనే. ఈ తీగ తీయాలని తెలుసు. ఎవరూ అడగలేదని వదిలేశాను. అదే లైను తర్వాత ఈ వెనక వాటాకిచ్చారు.

ముడి కోసేశాను. తీగ చుట్ట చుట్టుకుని కిందికి దిగాను. మేడం అడిగితే, "ఎవరో పాత ప్యారలల్ తీగ వదిలేసినారు మేడం" అన్నాను.

ఎవరో అన్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

బొమ్మ బాగుంది

మోడెం దీపం ఇక ఆరలేదు. లక్ష్మీనారాయణ నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆదివారం వచ్చి చూడమని కాగితం మీద రాసిచ్చాడు. మేడం కూడా వస్తానన్నారు.

ఆదివారం పొద్దున పది గంటలకు తెర మీద సుజాత కనబడింది. రెండు జడలు, నీలం గౌను. బొమ్మ నీళ్లలా కదులుతోంది. పాప నవ్వింది, చేతులు ఆడించింది. ప్రతి వేలూ కనబడుతోంది. పద్మ ముఖం విప్పారింది. తనూ చేతులతో గబగబా ఏదో చెప్పింది. ఆ నాలుగైదు నిమిషాలు నా గుండెలో బరువు దిగినట్టే అనిపించింది.

పాప నవ్వు ఆగింది. ముఖం కెమెరాకు బాగా దగ్గరగా తెచ్చింది. తెర నిండా నుదురు, ఒక కన్ను. తల పక్కకు వంచింది. ఇంకా వంచింది. మళ్లీ వెనక్కి జరిగి చేతులు కదిపింది.

ఓబుళమ్మ నా వైపు తిరిగింది. "ఏమప్పా, బాగు చేసినానంటివి? చేతులు కనపడలేదంటాంది."

మేడం స్పీడు చూశారు. ఎంత రావాలో అంతా వస్తోంది. ఇక్కడి నుంచి పోయేదీ బాగానే పోతోంది. "బడి వైపు లైను బాగాలేదేమో" అన్నాను నేను. వెంటనే ఆ మాట దొరికినందుకు సంతోషంగా కూడా అనిపించింది, తప్పు ఇంకొకరిది అయినందుకు.

మేడం బడిలోని సారును అడిగారు. కీబోర్డు మీద టైపు చేసి పంపారు. అటు నుంచి జవాబు వచ్చింది.

"ఇక్కడ బొమ్మ బాగా వస్తోంది. ఆమె చేతులు స్పష్టంగా కనపడుతున్నాయి. ఈ పాపకు ఈ మధ్య దేని మీదా ధ్యాస లేదు."

మేడం గట్టిగా చదివారు. ఓబుళమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లక్ష్మీనారాయణ తెర మీది అక్షరాలు తనే చదువుకున్నాడు. చదివి భార్యకు చేతులతో చెప్పాడు.

పద్మ కుర్చీ ముందుకు లాక్కుంది. కుడి చెయ్యి ముఖం ముందు పెట్టి, వేళ్లు ఆడిస్తూ నెమ్మదిగా పక్కకు జరిపింది. పాప కళ్లు కొంచెం దూరం వచ్చి ఆగిపోయాయి. చెయ్యి ఇంకా పక్కకు పోయింది. పాప ఎదురుగా ఖాళీ చోటునే చూస్తోంది. పద్మ ఎడమ చెయ్యి కదిపింది. పాప దాన్ని అసలు చూడనే లేదు.

అప్పుడు పద్మ గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. తన గొంతు తనకే తెలియని మనిషి అరుపు అది. పక్క వాటాలవాళ్లు పరుగెత్తుకొచ్చారు. తెర మీద పాప ఏమీ వినపడక, అమ్మ ముఖం ఎందుకట్లా అయిందో అర్థం కాక, మళ్లీ అదే సైగ చేసింది.

ఓబుళమ్మ నేల మీద కూలబడింది. "ఎన్ని నెలలుగానో బిడ్డ అదే చెప్తాండాది కదప్పా. చేతులు కనపడలేదు, కనపడలేదని. మేము నెట్టు అనుకుంటిమే! దాని కండ్లని ఎవరూ అనుకోకపోతిమే!"

మా వృత్తిలో తీగలు తెగి మనుషులు కిందపడటం చూశాను. కరెంటు తగిలినవాణ్ని చూశాను. అప్పుడు కూడా నేను అంత బిగుసుకుపోలేదు.

ఆలస్యం

ఆ మధ్యాహ్నం రైలుకే మొగుడూ పెళ్లాం హైదరాబాదు వెళ్లారు. విని మాట్లాడగలిగేవాళ్లు తోడుంటే మంచిదని మేడం హైదరాబాదులో ఉన్న తన అన్నకు చెప్పి ఆసుపత్రికి పంపారు. రెండు కళ్లలోనూ ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింటోందని డాక్టర్లు చెప్పారు. పుట్టుకతో చెవులు పోయిన పిల్లల్లో కొందరికి ఇట్లా వస్తుందట. పెద్దవాళ్లలో నీటికాసులు అంటాం చూడండి, అదే. నొప్పి పెద్దగా ఉండదు. చుట్టూ ఉన్న చూపు ముందు పోతుంది, నడిమి చూపు చివరికి పోతుంది. పోయింది తిరిగి రాదు. ఆపరేషన్ చేశారు, చుక్కల మందు జీవితాంతం వేయమన్నారు. కుడి కన్ను నిలిచింది. ఎడమ కంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే.

మూడు నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే ఎడమ కన్ను కూడా కొంత దక్కేదన్నాడట డాక్టరు.

నేను ఆఫీసులో పాత కంప్లయింట్ల పుస్తకం తీసి చూశాను. మొదటిసారి "నో రిప్లై" రాసి దాదాపు నాలుగు నెలలైంది. ఆ మొదటివారమే తీగ బాగు చేసి ఉంటే, ఆ ఆదివారమే పద్మకు తెలిసి ఉండేది. బొమ్మ నిలిచిపోతున్నంత కాలం పాప మాటకు ఇంకో అర్థం ఉండిపోయింది.

సరళ మేడం ఆ వారమే ఒక పద్ధతి పెట్టారు. ఫోను ఎత్తలేదని ఏ కంప్లయింటూ మూయకూడదు. మనిషి వెళ్లాలి, ఇంటివాళ్ల చేత సంతకం చేయించుకోవాలి. మాలో చాలామంది సణిగారు. ఆమె వెళ్లిపోయాక ఆ పద్ధతి కూడా పోయింది. మా శాఖలో మంచివి అట్లాగే పోయేవి, మనుషులతో పాటు.

మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను. నెట్ నిదానంగా ఉందని ఎవరైనా అంటే, ఆ నెట్‌తో వాళ్లు ఏం చేసుకుంటున్నారో ముందు అడగండి. మీ మీటరు చూపించే అంకె కాదు, వాళ్లకు ఏమి అందడం లేదో అడగండి. ఒకణ్ని చూసి నవ్వొస్తే, ఆ నవ్వు ఆపుకుని వాడింటికి వెళ్లండి. మీరు వేసిన తీగ మీరే తీయండి. ఇది నీతులు చెప్పడానికి రాయలేదు. నేను ఈ మూడూ చేయలేదు.

చెప్పాల్సిన మాట

ముడి నాదేనని మేడంకు ఆమె బదిలీ అయ్యే రోజు చెప్పాను. "నాకెందుకు చెబుతున్నారు? ఆ ఇంటికి వెళ్లి చెప్పండి" అన్నారు.

ఒక ఏడాది వెళ్లలేకపోయాను. ఆ వీధిలో పని పడితే వేరేవాళ్లను పంపేవాణ్ని. సుజాత మళ్లీ బడికి వెళ్లిందని, ముందు బల్లలో కూర్చోబెడుతున్నారని ఓబుళమ్మ బజార్లో కనబడి చెప్పింది. "నువ్వు బాగు చేయబట్టే కదప్పా తెలిసింది. నీ చేతులు సల్లగుండ" అని కూడా అంది. ఆ మాట మోయలేక మరుసటి ఆదివారం వెళ్లాను.

తలుపు తీసే ఉంది. పద్మ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. లక్ష్మీనారాయణ లేడు. ఓబుళమ్మ వంటింట్లోంచి వచ్చింది. నేను గడప దాటి నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆ తీగ నేనే వేశాను, నేనే వదిలేశాను, నాలుగోసారి ఇంటి దాకా రాకుండా మూసేసిందీ నేనే. ఓబుళమ్మ ఒక్కో మాటా కోడలికి చేతులతో చెప్పింది. నా మాట ఇంకొకరి చేతుల మీద అట్లా ఒక్కొక్కటిగా పోవడం చూస్తూ నిలబడ్డాను.

పద్మ మొత్తం చూసింది. నా ముఖంలోకి చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది.

వినపడే మనుషులకు ఇది అర్థం కావడం కష్టం. ఆమె కళ్లు మూసుకుంటే ఇక నా మాట ఆమెకు చేరే దారి లేదు. ఓబుళమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. క్షమించమ్మా అని అన్నాను. అది ఎవరికి చెప్పినట్టు?

ఎప్పటికో కళ్లు తెరిచింది. కోపం లేదు, కన్నీళ్లు లేవు. నన్ను చూసి చేత్తో పక్కకు జరగమంది. వెళ్లిపొమ్మంటోందనుకున్నాను. మళ్లీ అదే సైగ చేసింది, కొంచెం విసురుగా. తెర వైపు చూపించింది. సుజాత అప్పటికే వచ్చి కూర్చుని ఉంది, తల కొంచెం వంచి, కుడి కంటితో వెతుకుతోంది.

నేను తలుపులోంచి వచ్చే వెలుతురుకు అడ్డంగా నిలబడి ఉన్నాను. నా నీడ ఆమె చేతుల మీద పడుతోంది.

పక్కకు జరిగాను.